గ్రాడ్యుయేషన్‌కు టికెట్లు 6, ఇంట్లో మేము 8 మందిమి: పెద్దవాళ్ళను తీసుకువెళ్ళవచ్చునా?

ప్రశ్న: డల్లాస్ నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న ఒక పబ్లిక్ హైస్కూలులో ఈ మే నెలతో పన్నెండో గ్రేడ్ పూర్తి చేస్తుంది. తన బ్యాచ్‌లో 600 మందికి పైగా పిల్లలు ఉన్నందువల్ల గ్రాడ్యుయేషన్ వేడుకను స్కూలులో కాకుండా ఒక పెద్ద ఇండోర్ స్టేడియంలో, నెలాఖరులో ఒక శుక్రవారం రాత్రి 7 గంటలకు జరుపుతున్నారు. ఒక్కొక్క కుటుంబానికి 6 టికెట్లు ఇస్తామని, అవి ఫోనులోకే వస్తాయని, చంకలో ఉన్న పసిబిడ్డకైనా టికెట్ ఉండవలసిందేనని స్కూలు వారు ఉత్తరం పంపారు.

ఈ వేడుక కోసమే మా అత్తయ్యగారు, మామయ్యగారు, మా అమ్మ రాజమండ్రి నుంచి ఏప్రిల్‌లో వచ్చారు. మేమిద్దరం, మా చిన్నవాడు, ఈ ముగ్గురు పెద్దవాళ్ళు కలిస్తే 6 టికెట్లు సరిపోతాయి. అయితే హ్యూస్టన్‌లో ఉన్న మా తమ్ముడు, మరదలు కూడా వస్తామంటున్నారు. మేనమామ లేకుండా మేనకోడలి వేడుక ఏమిటని మా అమ్మ పట్టుబట్టి కూర్చుంది.

అసలు చిక్కు అది కాదు. మామయ్యగారికి 78 ఏళ్ళు. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది, నెమ్మదిగా నడుస్తారు గానీ మెట్లు ఎక్కలేరు. మా అమ్మకు షుగర్ ఉంది, ఇన్సులిన్ వేసుకుంటుంది, వేళకు భోజనం పడకపోతే కళ్ళు తిరుగుతాయి. మూడు గంటల కార్యక్రమంలో మన పిల్ల కనిపించేది కొన్ని క్షణాలే, మిగిలినదంతా ముక్కూ మొహం తెలియని వాళ్ళ పేర్లు వినడమే కాబట్టి, పెద్దవాళ్ళను ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టి లైవ్ పెడితే హాయిగా, దగ్గరగా చూస్తారని మా వారు అంటున్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఇన్ని వేల మైళ్ళు దాటి వచ్చినవాళ్ళను ఇంకో ఇరవై మైళ్ళు తీసుకువెళ్ళలేమా అని నాకు మనసు ఒప్పుకోవడం లేదు.

ఇంకొక చిన్న భయం. మా అమ్మాయికి పెట్టినది మామయ్యగారి తల్లి పేరు. నాలుగేళ్ళుగా ఏ టీచరూ దానిని సరిగా పలకలేదు. పిల్ల అలవాటు పడిపోయింది. అంతమంది ముందు మైకులో ఆ పేరును ఖూనీ చేస్తే ఆయన ఎంత బాధపడతారో నాకు తెలుసు. ఇలాంటి పెద్ద వేడుకలకు పెద్దవాళ్ళతో వెళ్ళివచ్చిన వారు దయచేసి తమ అనుభవం చెప్పగలరు.

సమాధానం: న్యూజెర్సీ నుంచి ఒక తండ్రి

తప్పకుండా తీసుకువెళ్ళండి. మీకు ఇండోర్ స్టేడియం దొరకడమే సగం అదృష్టం. ఇక్కడ స్కూళ్ళు సెప్టెంబరులో మొదలై జూన్ మూడో వారం దాకా నడుస్తాయి, గ్రాడ్యుయేషన్ చాలాచోట్ల స్కూలు ఫుట్‌బాల్ మైదానంలోనే జరుగుతుంది. వీపు ఆనించుకునే వీలులేని అల్యూమినియం బెంచీలు మధ్యాహ్నమంతా ఎండకు కాగి ఉంటాయి కాబట్టి, సాయంత్రం వాటి మీద కూర్చోవాలంటే కింద దుప్పటి మడత అయినా ఉండాలి. పైగా వాన భయం. మా స్కూలు వారు రెండు రకాల టికెట్లు ఇచ్చారు: మైదానంలో జరిగితే వాడుకోవడానికి ఎక్కువ, వాన పడి జిమ్ అనే స్కూలు ఆటల హాలులోకి మారిస్తే వాడుకోవడానికి రెండంటే రెండే.

మా పెద్దవాడి రోజున వాన పడనే పడింది. ఆ రెండు టికెట్లూ మా అమ్మకు, నాన్నకు ఇచ్చి, నేనూ మా ఆవిడా మిగతా తల్లిదండ్రులతో పాటు ఆడిటోరియంలో కూర్చుని తెర మీద చూశాము. నిజం చెప్పాలంటే చూడటానికి తెరే నయం. వాడు వేదిక ఎక్కినప్పుడు మాకు మొహం నిండుగా కనిపించింది, కింద పేరు కూడా వేశారు. జిమ్‌లో ఒక మూల కూర్చున్న మా నాన్నకు కనిపించింది వాడి వీపు. అయినా ఆయన ఇప్పటికీ ఊళ్ళో ప్రతివారికీ కథలు కథలుగా చెప్పుకునేది ఆ వీపు గురించే. టీవీలో దగ్గరగా కనిపిస్తుందన్న మీ వారి మాట అక్షరాలా నిజం. కాకపోతే పెద్దవాళ్ళు వచ్చేది దగ్గరగా చూడటం కోసం అయి ఉండకపోవచ్చు.

లైవ్ సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక మాట. రాజమండ్రిలో మిగిలిన బంధువులకు ఆ లింకు ముందే పంపండి. మీ రాత్రి 7 గంటలంటే మే నెలలో అక్కడ మర్నాడు తెల్లవారి 5:30 అవుతుంది, మా రాత్రి 7 గంటలైతే 4:30. తారీఖు మారుతుందని విడిగా చెప్పండి, లేకపోతే ఒక రోజు ముందే లేచి కూర్చుంటారు.

సమాధానం: ఫీనిక్స్ నుంచి ఒక తండ్రి

నేను మరోలా చెబుతాను. మే నెల చివర ఇక్కడ సాయంత్రం 7 గంటలకు కూడా ఎండ వేడి తగ్గదు, తరచు 95 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే ఉంటుంది. మా అమ్మాయి గ్రాడ్యుయేషన్‌కు మా అమ్మను బయటి స్టేడియానికి తీసుకువెళ్ళాము. ఆవిడ సగం కార్యక్రమం కళ్ళు మూసుకుని కూర్చుంది. పక్కన మా ఆవిడ వేదికను చూడటం మాని ఆవిడ మొహమే చూస్తూ ఉండిపోయింది. అబ్బాయి వంతు వచ్చినప్పుడు ఆవిడను ఇంట్లోనే ఉంచాము. ఎవరో ఒకరు తోడుండాలి కాబట్టి మా బావమరిది ఉండిపోయాడు. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు, పైగా మేము వచ్చేసరికి దిష్టి తీయడానికి అన్నీ సిద్ధం చేసుకుని గుమ్మంలో నిలబడింది. మనసు మాట సరే, ఆ మనిషి శరీరం మాట కూడా వినాలి. మీది ఏసీ హాలు కాబట్టి మీరు ఒప్పుకోనక్కరలేదు గానీ, ఇంట్లో ఉంచడం అన్యాయమని మాత్రం అనుకోకండి.

సమాధానం: ఉత్తర వర్జీనియా నుంచి ఒక తల్లి

ఫీనిక్స్ వారు చెప్పిన మాటను నేను కొట్టిపారేయను. కానీ డల్లాస్ వారి విషయంలో కష్టాలన్నీ ముందే సర్దుకోగలిగినవి. ఇక్కడ ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోని పెద్ద హైస్కూళ్ళు చాలావరకు జార్జ్ మేసన్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న ఈగిల్‌బ్యాంక్ అరీనాలో, ఒకే రోజున ఒకదాని తరువాత ఒకటి గ్రాడ్యుయేషన్ జరుపుకుంటాయి. మా అత్తగారిని, మామగారిని ఇద్దరినీ అక్కడికి తీసుకువెళ్ళాను.

ముందుగా మెట్ల సంగతి. ఏడీఏ అని అందరూ పిలిచే 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం పబ్లిక్ స్కూళ్ళకు కూడా వర్తిస్తుంది. అందువల్ల మెట్లు ఎక్కలేనివారికి విడిగా సీట్లు ఉంటాయి, వాటి దాకా లిఫ్టో ర్యాంపో ఉంటుంది. వీల్‌ఛైర్‌లో వచ్చేవారికే కాదు, నడవగలిగినా మెట్లు ఎక్కలేని మీ మామయ్యగారి వంటి వారికి కూడా ఆ వరుసల్లో కుర్చీలు వేస్తారు. డాక్టరు సర్టిఫికెట్ అడగరు. అయితే ఆ సీట్లు తక్కువ, పక్కన కూర్చోవడానికి మీ ఇంట్లో అందరికీ చోటు ఇవ్వరు. తోడుగా ఒకరికో ఇద్దరికో ఇస్తారు. కాబట్టి స్కూలు ఆఫీసుకు ఇప్పుడే ఈమెయిల్ రాసి, మామయ్యగారు, మీ అమ్మగారు, వాళ్ళతో మీ ఇద్దరిలో ఒకరు అని ముందే చెప్పి పెట్టండి. వేడుక రోజున గేటు దగ్గర అడిగితే ఏర్పాటు చేస్తారు గానీ అప్పటికి మంచి చోట్లు మిగలవు.

వీల్‌ఛైర్ మాట ఎత్తితే మా మామగారు చిన్నబుచ్చుకున్నారు. నేను నడవగలను కదా అన్నారు, నిజంగానే ఇంట్లో నడుస్తారు. కానీ పార్కింగు నుంచి గేటు దాకా, గేటు నుంచి సీటు దాకా ఉన్న దూరం ఇంట్లో నడక కాదు. అందుకని నేను వాదించకుండా మడతపెట్టే తేలిక కుర్చీ ఒకటి కారు డిక్కీలో వేసుకుని వెళ్ళాను. లైను ఎక్కడ దాకా ఉందో చూశాక ఆయనే, పోనీ అది తియ్యమ్మా అన్నారు.

తరువాత సంచుల సంగతి. 2013లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ తన స్టేడియాలలో లోపలి వస్తువులు బయటికి కనిపించే పారదర్శకపు సంచులనే అనుమతించాలని నియమం పెట్టింది. ఆ తరువాత ఇలాంటి హాళ్ళు చాలావరకు అదే పద్ధతి పట్టుకున్నాయి. సంచి కొలత సాధారణంగా 12 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు మించకూడదు. దానితో పాటు అరచేతిలో పట్టేంత చిన్న పర్సు ఒకటి ఉండవచ్చు. మీ అమ్మగారి ఇన్సులిన్‌కు అభ్యంతరం ఉండదు. మందుల షాపు వారి చీటీ అంటించిన పెట్టెతోనే తీసుకువెళ్ళి, తనిఖీ చేసేవారికి ముందుగా మీరే చూపించండి. షుగర్ పడిపోతే వేసుకునే గ్లూకోజ్ బిళ్ళలు కూడా అందులోనే ఉంచండి. బయటి తిండి, పూలగుత్తులు, బెలూన్లు, గొడుగులు, బూరలు చాలాచోట్ల లోపలికి రానివ్వరు. కాబట్టి ఆవిడకు సాయంత్రం 5 గంటలకే భోజనం పెట్టి బయలుదేరండి, పులిహోర డబ్బా కారులో ఉండనివ్వండి.

హాలులో చలి వేస్తుంది. పట్టుచీర కట్టుకుని వచ్చిన మా అత్తగారు అరగంటలో కొంగు చుట్టుకున్నారు, తరువాత నా కోటు తీసుకున్నారు. శాలువాలు మరచిపోకండి.

పార్కింగుకు మాత్రం మీరు అనుకున్నదానికంటే చాలా ముందుగా చేరుకోవాలి. ఒకే హాలులో వరుసగా వేడుకలు ఉన్నప్పుడు ముందు స్కూలు వారి కార్లు బయటికి పోతుండగానే మన కార్లు లోపలికి వెళ్ళాలి, రెండు వరుసలూ ఒకే దారిలో ఎదురుపడి చాలాసేపు అలాగే నిలిచిపోతాయి.

సమాధానం: జార్జియాలో హైస్కూలు ఉపాధ్యాయురాలు

నేను తెలుగు ఇంట పుట్టినదాన్ని, ఇక్కడ పబ్లిక్ హైస్కూలులో లెక్కలు చెబుతాను. మా స్కూలు గ్రాడ్యుయేషన్‌లో పేర్లు చదివే ఇద్దరిలో నేను ఒకదాన్ని. అందువల్ల మీ రెండు సందేహాలకు మైకు వెనక నుంచి సమాధానం చెప్పగలను.

మొదటిది వేళ. పేరుకు 5 సెకన్లు పడుతుందనుకోండి. 600 మందికి 3,000 సెకన్లు, అంటే 50 నిమిషాలు. పిల్లలు ఊరేగింపుగా వచ్చి కూర్చోవడానికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, జాతీయగీతం, ప్రిన్సిపల్ మాటలు, విద్యార్థుల ప్రసంగాలు కలిపి అరగంట. మొత్తం రెండు గంటల లోపు ముగుస్తుంది. మూడు గంటలని అనిపించేది ముందు వేచి ఉండటం వల్ల, తరువాత బయటపడటం వల్ల. ఇంత పెద్ద బ్యాచ్‌లో పేర్లు ఇద్దరు మార్చి మార్చి చదువుతారు, ఎందుకంటే ఒకే గొంతు అన్ని పేర్లు చదివితే చివరికి తడబడటం ఖాయం.

రెండవది పేరు. ఇది అదృష్టానికి వదిలిపెట్టే విషయం కాదు. చాలా స్కూళ్ళలో వేదిక ఎక్కేముందు ప్రతి విద్యార్థీ ఒక కార్డు తెచ్చి చదివేవారి చేతికి ఇస్తాడు. దాని మీద పేరు, దాని కింద ఉచ్చారణ రాసుకునే చోటు ఉంటాయి. కొన్నిచోట్ల పిల్లల చేతనే ముందుగా పేరు రికార్డు చేయించుకుంటారు. సగం మంది ఆ ఉచ్చారణ గీతను ఖాళీగా వదిలేస్తారు, మన పిల్లలు మరీను, ఎలా పలికినా ఫరవాలేదు అంటారు. ఆ ఫరవాలేదు అన్న మాటను దయచేసి ఇంట్లోనే ఆపండి. పేరును ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క సాగదీయాలో అది పెద్ద అక్షరాలలో రాయించండి. తెలిసిన ఇంగ్లీషు మాటలతో ప్రాస కలిసేలా రాస్తే ఇంకా మేలు. మనకు త, ట రెండు వేర్వేరు. ఇంగ్లీషు చదివేవారికి ఆ తేడా అక్షరాలలో కనిపించదు, వినిపిస్తేనే పట్టుకుంటారు. అందుకే కార్డు కంటే రిహార్సల్ ముఖ్యం. వేడుకకు ముందు జరిగే రిహార్సల్‌కు పిల్లలందరూ రావలసిందే కాబట్టి, అప్పుడు మీ అమ్మాయిని చదివేవారి దగ్గరికి వెళ్ళి తన పేరు రెండుసార్లు వినిపించి, వారి చేత ఒకసారి అనిపించుకుని రమ్మనండి. అలా వచ్చిన పిల్లల పేర్ల పక్కన నేను పెన్సిలుతో నా గుర్తులు రాసుకుంటాను. ఆ కార్డులు చేతికి రాగానే నోరు దానంతట అదే తిరుగుతుంది. మామయ్యగారి తల్లి పేరు అని కూడా చెప్పమనండి. చదివేవాళ్ళమూ మనుషులమే, అలాంటి సంగతి తెలిస్తే ఇంకాస్త జాగ్రత్త పడతాము.

పేరుకు సంబంధించి ఇంకొక లోపలి సంగతి ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు తారుమారైన పిల్లలకు స్కూలు రికార్డులోనూ అలాగే పడుతుంది. పిల్లలను వరుసలో పెట్టేది ఇంటిపేరు అక్షరక్రమంలో కాబట్టి మీరు చివరన వస్తుందనుకున్న పిల్ల మొదట్లోనే వచ్చి వెళ్ళిపోవచ్చు. రికార్డులో ఏముందో స్కూలులో పిల్లలకు చదువు సలహాలిచ్చే కౌన్సిలర్‌ను అడిగి చూసుకోండి. అలాగే, విద్యార్థుల వివరాల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం పిల్లల వివరాలు బయటికి ఇవ్వవద్దని స్కూలు సంవత్సరం మొదట్లో ఏదైనా ఫారం మీద మీరు సంతకం చేసి ఉంటే, వేడుకలో పంచే పుస్తకంలో మీ అమ్మాయి పేరు అచ్చు కాకపోయే అవకాశం ఉంది. ఆ పుస్తకాన్ని దాచుకోవాలని తాతయ్యలకు ఉంటుంది. ఇప్పుడే సరిచూసుకుంటే అచ్చుకు వెళ్ళేలోపు మార్చుకోవచ్చు.

వేదిక మీద పిల్లల చేతికి ఇచ్చే అట్టలో సాధారణంగా డిప్లొమా, అంటే హైస్కూలు పూర్తి చేసినట్టు ఇచ్చే పత్రం, ఉండదు. చివరి మార్కులు ఖరారై, లైబ్రరీ పుస్తకాలు, స్కూలు వారి కంప్యూటరు తిరిగి ఇచ్చాక అసలు కాగితం చేతికి వస్తుంది. పెద్దవాళ్ళు అట్ట తెరిచి చూసి, పిల్ల తప్పిందేమోనని కంగారు పడిన సందర్భాలు నేను స్వయంగా చూశాను.

ఒక విన్నపం కూడా. మన పిల్ల పేరు విన్నప్పుడు కేక వేయకుండా ఉండటం ఎవరివల్లా కాదు, చివరి దాకా చప్పట్లు కొట్టవద్దని ప్రిన్సిపల్ ఎంత చెప్పినా ఎవరూ వినరు. కానీ ఆ కేక ఒక్క ఊపిరికి మించితే వెనక వచ్చే బిడ్డ పేరు అందులో కలిసిపోతుంది. ఆ బిడ్డ తాతయ్య కూడా ఎక్కడి నుంచో వచ్చి ఉంటాడు.

ప్రశ్న వేసిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి భోజనాల దగ్గర ఈ సమాధానాలన్నీ అందరికీ చదివి వినిపించాను. మామయ్యగారు మౌనంగా అంతా విని, తెలియని పిల్లల పేర్లు వినడం విసుగని ఎవరు చెప్పారు అన్నారు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూలులో హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. అన్ని వందల మంది పిల్లలను ఒక వేదిక మీదకు ఎక్కించి, కంగాళీ కాకుండా ఎలా దించుతారో చూడటానికే తాను రావాలనుకుంటున్నానని, మనవరాలు ఆ వరుసలో ఉండటం అదనమని నవ్వారు. మా వారు ఇక మాట్లాడలేదు.

ఆయన అడిగిన ప్రశ్న ఒకటి ఉంది. కార్యక్రమం వివరాల్లో జాతీయగీతం ఉంది, ప్రసంగాలు ఉన్నాయి, ప్రార్థన లేదు. ఇంత పెద్ద సభను దేవుణ్ణి తలచుకోకుండా మొదలుపెడతారా అని ఆయన ఆశ్చర్యం. పైగా మా అమ్మాయి స్నేహితురాలి ఇంటివారు ఆ ముందు ఆదివారం చర్చిలో గ్రాడ్యుయేషన్ ప్రార్థన ఉందని పిలిచారు. రెండింటికీ సంబంధం ఏమిటి?

సమాధానం: జార్జియాలో హైస్కూలు ఉపాధ్యాయురాలు

హెడ్‌మాస్టరుగారికి నా నమస్కారాలు. ఆయన చూడాలనుకున్నది చూడదగ్గదే. పిల్లలు వరుసలో లేస్తున్నప్పుడు పక్కన నడవాల్లో నిలబడే టీచర్లను గమనించమనండి. ప్రతి వరుసకూ ఒకరు ఉంటారు, ఒక్క కుర్చీ ఖాళీ అయినా కార్డుల క్రమం తప్పుతుంది కాబట్టి వారి కళ్ళన్నీ కుర్చీల మీదే ఉంటాయి.

ప్రార్థన లేకపోవడానికి కారణం సుప్రీంకోర్టు తీర్పు. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో ఒక పబ్లిక్ స్కూలు తన గ్రాడ్యుయేషన్‌లో ఒక యూదు మతగురువు చేత ప్రార్థన చేయించగా, ఒక విద్యార్థిని తండ్రి కోర్టుకు వెళ్ళారు. ప్రభుత్వ స్కూలు తన వేడుకలో మతాచార్యుల చేత ప్రార్థన జరిపించడం రాజ్యాంగానికి విరుద్ధమని 1992లో, లీ వర్సెస్ వైజ్మన్ అనే ఆ కేసులో తీర్పు వచ్చింది. ఏ మతానికి చెందిన బిడ్డా తన గ్రాడ్యుయేషన్‌కు రావడానికి ఇంకొక మతపు ప్రార్థనలో నిలబడవలసిన అగత్యం ఉండకూడదన్నది దాని సారం. ఆదివారం చర్చిలో జరిగేది స్కూలుతో సంబంధం లేకుండా చర్చి వారు, తల్లిదండ్రులు కలిసి చేసుకునే విడి కార్యక్రమం. ఇష్టమైతే వెళ్ళవచ్చు, వెళ్ళకపోతే ఎవరూ ఏమీ అనుకోరు.

సమాధానం: ఆస్టిన్‌లో కాలేజీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి

ఆంటీ, నేను ఆ కింద కుర్చీల్లో కూర్చున్న వైపు నుంచి చెబుతాను. మాది మీ అమ్మాయి బ్యాచ్ అంత పెద్దదే. లోపలికి నడుస్తున్నప్పుడు లైట్లు మొహం మీద పడుతుంటాయి, పైన కూర్చున్నవారు మాకు చీకటిలో చుక్కల్లా కనిపిస్తారు. మీరు ఏ సెక్షనులో, ఏ వరుసలో కూర్చున్నారో తను ఫోను పక్కన పెట్టేలోపే మెసేజ్ పెట్టండి. తను ఎటు చూడాలో తెలిస్తే చూస్తుంది, చెయ్యి ఊపుతుంది. మా తాతయ్య ఎర్ర శాలువా కప్పుకుని వచ్చారు కాబట్టి నేను గుర్తుపట్టగలిగాను. మిగతా వారెవరూ నాకు ఆనలేదు.

ఫోటోల కోసం కార్యక్రమం తరువాత అని ఆగకండి. బయట వేల మంది ఒకేసారి ఫోన్లు తీస్తారు, సిగ్నల్ దొరకదు, ఎవరెక్కడ ఉన్నారో తెలియదు. ఫలానా గేటు పక్కన ఫలానా స్తంభం అని ముందే అనుకోవాలి, ద్వారం దగ్గర అంటే సరిపోదు, ద్వారాలు చాలా ఉంటాయి. పైగా చాలా స్కూళ్ళలో ఆ రాత్రే పిల్లలందరికీ తెల్లవార్లూ పార్టీ ఉంటుంది. పిల్లలు తాగి కార్లు నడపకుండా తల్లిదండ్రులే పెద్దల కాపలాలో నడిపే పార్టీ అది. దానికి వెళ్ళే తొందరలో మీ అమ్మాయి మీతో పది నిమిషాలకు మించి నిలబడదు, నేనూ నిలబడలేదు. అందువల్ల సాయంత్రం ఇంటి ముందు, వెలుతురు ఉండగానే, గౌను, టోపీ వేయించి పెద్దవాళ్ళతో తీరికగా ఫోటోలు తీసుకోండి. గౌను ప్యాకెట్లో మడతలు పడి వస్తుంది. అది పాలిస్టరు, వేడి ఇస్త్రీ తగిలితే అతుక్కుపోతుంది. తలుపుకు వేలాడదీసి ఆవిరి పట్టించండి. టోపీకి లోపలి నుంచి నాలుగు పిన్నులు పెట్టకపోతే మన జుట్టు మీద నిలవదు.

తాతయ్యగారికి మెడలోని రంగురంగుల తాళ్ళు ఏమిటన్న అనుమానం తప్పక వస్తుంది. మార్కులకు కొన్ని, నేషనల్ ఆనర్ సొసైటీ వంటి సంఘాలకు కొన్ని, సంగీతానికి, సేవకు ఇంకొన్ని ఇస్తారు. ఏది దేనికో మీ అమ్మాయి చేత ముందే చెప్పించండి. మా తాతయ్య నా పక్క అబ్బాయి మెడలో ఎక్కువ తాళ్ళు చూసి ఇంటికి వచ్చాక నన్ను నిలదీశారు. టోపీ నుంచి వేలాడే కుచ్చు మొదట కుడివైపు ఉంటుంది. అందరి పేర్లూ అయ్యాక ప్రిన్సిపల్ చెప్పగానే ఎడమవైపుకు మారుస్తారు. ఆ తరువాతే టోపీలు గాలిలోకి లేస్తాయి, కొన్ని స్కూళ్ళు అది కూడా వద్దంటాయి. పేరు అయిపోయింది కదా అని మధ్యలో లేచి వెళ్ళే కుటుంబాలు ఈ ఘట్టం చూడకుండానే పోతాయి, పైగా వాళ్ళు లేచిన ఖాళీ వరుసలు కింద ఉన్న మాకు బాగా కనిపిస్తాయి.

సమాధానం: ఉత్తర వర్జీనియా నుంచి ఒక తల్లి

మీ తమ్ముడిగారి సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెబుతాను. ఆరు టికెట్లూ వాడుకోని కుటుంబాలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాయి. చాలా స్కూళ్ళు వేడుకకు వారం పదిరోజుల ముందు మిగిలిన టికెట్లను కోరినవారికి పంచుతాయి, అడిగినవారికే ఇస్తాయి. ఈలోగా మీ అమ్మాయిని తన స్నేహితులను అడగమనండి. తల్లి, తండ్రి తప్ప ఇక్కడ ఎవరూ లేని పిల్లలు సంతోషంగా ఇస్తారు. డబ్బు ఇచ్చి కొనవద్దు, స్కూళ్ళు దానిని నిషేధిస్తాయి, పట్టుబడితే టికెట్ రద్దవుతుంది. ఒకవేళ దొరికినా వారి సీట్లు మీ పక్కన ఉండవు, ముందే చెప్పి ఉంచండి. ఒక ఫోటో తీసి పంపిన టికెట్ గేటు దగ్గర పనిచేయకపోవచ్చు. ఎవరి టికెట్ వారి ఫోనులోకి బదిలీ చేసి, ఇంట్లో వైఫై ఉండగానే తెరిచి చూసుకోమనండి.

ప్రశ్న వేసిన తల్లి

మా అమ్మాయి తరగతిలోని ఒక కొరియన్ కుటుంబం రెండు టికెట్లు ఇస్తామంది. మా తమ్ముడు, మరదలు వాటితో వస్తున్నారు. మామయ్యగారికి, అమ్మకు మెట్లు లేని వరుసలో సీట్లు ఇస్తామని, తోడుగా ఒకరు మాత్రమే కూర్చోవాలని స్కూలు నుంచి జవాబు వచ్చింది. ఆ ఒక్కరు తానేనని మా అత్తయ్యగారు తేల్చేశారు. ఇన్సులిన్ సంగతి ఆవిడకు నేర్పుతున్నాను. మా వారు ఇప్పటికీ టీవీయే నయమంటున్నారు గానీ, గేటు దగ్గర అందరినీ దించి కారు పెట్టి వచ్చే పని మాత్రం తనదేనన్నారు.

సమాధానం: ఉత్తర వర్జీనియా నుంచి ఒక తల్లి

మెట్లు లేని వరుసకు వెళ్ళే గేటు వేరే ఉంటుంది, అది మామూలు గేటుకు అవతలి వైపు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఏ నంబరు గేటో అదే ఈమెయిల్‌కు జవాబుగా అడగండి. ఆ నంబరును కాగితం మీద రాసి మీ వారి చేతికి, అత్తయ్యగారి చేతికి చెరొకటి ఇవ్వండి.